పానిక్ అటాక్: పక్కనున్న మనిషి ఒక్కసారిగా వణికిపోతుంటే ఏం చేయాలి? ఆ పది నిమిషాలు ఎలా దాటించాలి? ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సిన విషయాలివే..

అప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి గుండె పట్టుకుని కూర్చుండిపోతారు. ఊపిరి ఆడట్లేదంటారు. ఒళ్లంతా చెమటలు, చేతులు గజగజ. 'నాకేదో అయిపోతోంది.. చచ్చిపోతానేమో' అంటారు. ఇంట్లోవాళ్లు హడావుడిగా ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ నార్మల్, రక్త పరీక్షలు నార్మల్. 'ఏమీ లేదు, టెన్షన్ అంతే' అని పంపించేస్తారు. కొన్ని రోజులకే మళ్లీ అదే వరస!

చాలా ఇళ్లలో ఇబ్బంది మొదలయ్యేది ఈ 'ఏమీ లేదు' అన్న మాట దగ్గరే. రిపోర్టులు బాగున్నాయంటే గుండెకు ఏమీ కాలేదని అర్థం. మనిషికి ఏమీ కాలేదని కాదు. ఇది పానిక్ అటాక్ కావచ్చు. ఆ సమయంలో పక్కనున్నవాళ్లు ఎలా ఉంటారు, ఆ తర్వాత ఎలా ఉంటారు అన్నదాన్ని బట్టే ఈ భయం తగ్గడమో, ముదరడమో చాలావరకు ఉంటుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఎదురుగా పాము కనిపిస్తే గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది. తప్పించుకోవడానికి ఒళ్లు సిద్ధమయ్యే తీరు అది. ఆ పని చేయించేది అడ్రినలిన్. పానిక్ అటాక్‌లో కూడా ఇదే జరుగుతుంది. కాకపోతే ఎదురుగా పాము ఉండదు. అలారం మాత్రం మోగుతుంది.

గబగబా ఊపిరి పీలుస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అందుకే మూతి చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిర్లు ఎక్కుతాయి, కళ్లు తిరుగుతాయి. అది చూసి మనిషి ఇంకా భయపడతారు. భయం పెరిగితే ఊపిరి ఇంకా వేగం. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

సాధారణంగా అటాక్ పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరుతుంది. తర్వాత మెల్లగా దిగిపోతుంది. ఎక్కువ మందికి అరగంటలో సర్దుకుంటుంది. కొందరికి నిద్రలో ఉండగానే వచ్చి ఉలిక్కిపడి లేస్తారు. అందుకే 'ఏం ఆలోచించావ్?' అని అడిగితే వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

గుండెపోటా? పానిక్ అటాకా?

ఇది ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు. ఛాతీలో నొప్పి, ఆయాసం మొదటిసారి వస్తే 108కి ఫోన్ చేయండి, లేదా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్నా, స్పృహ తప్పినా ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, వయసు పైబడినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. 'గ్యాస్ అయ్యుంటుందిలే' అని సోడా తాగించి పడుకోబెట్టడం ప్రాణం మీదకు తెస్తుంది.

థైరాయిడ్ ఎక్కువైనా, షుగర్ పడిపోయినా, రక్తహీనత ఉన్నా గుండె దడ వస్తుంది. ఒకసారి ఆ పరీక్షలు కూడా చేయించుకోవాలి. అన్నీ బాగున్నాయని, ఇది పానిక్ అటాకేనని డాక్టర్ చెప్పాక.. కింద చెప్పేవి మీ చేతిలో ఉన్న పనులు.

ఆ పది నిమిషాల్లో ఇలా చేయండి

* ముందు మీరు నెమ్మదించండి. మీ గొంతులో కంగారు వినిపిస్తే వాళ్ల భయం రెట్టింపవుతుంది.

* చుట్టూ గుమిగూడిన వాళ్లను పక్కకు పంపండి. ఒక్కరే దగ్గర ఉండి మాట్లాడాలి.

* చిన్న చిన్న మాటలే చెప్పండి. 'నేను పక్కనే ఉన్నా. ఇది పానిక్ అటాక్. పోయినసారి వచ్చి తగ్గిపోయింది కదా, ఇప్పుడూ తగ్గిపోతుంది' అంటే చాలు.

* ముట్టుకునే ముందు అడగండి. కొందరికి చెయ్యి పట్టుకుంటే ధైర్యం వస్తుంది. కొందరికి అదే ఊపిరాడనట్టు అనిపిస్తుంది.

* 'గట్టిగా ఊపిరి పీల్చు' అనొద్దు. అప్పటికే వాళ్లు ఎక్కువ పీలుస్తున్నారు. ముక్కుతో మామూలుగా పీల్చి, నోటితో నెమ్మదిగా వదలమనండి. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు పీల్చడం, ఆరు లెక్కపెట్టేలోపు వదలడం. మీరూ కలిసి చేస్తే వాళ్లు మిమ్మల్ని చూసి చేస్తారు. లెక్క కుదరకపోతే వదిలేయండి, బలవంతం వద్దు.

* దృష్టి మళ్లించండి. కనిపించే ఐదు వస్తువులు, తాకగలిగే నాలుగు, వినిపించే మూడు శబ్దాలు, రెండు వాసనలు, ఒక రుచి చెప్పమనండి. భయంలో కూరుకుపోయిన మనసు చుట్టుపక్కలకు తిరిగొస్తుంది.

* తగ్గాక వెంటనే ప్రశ్నలు వేయొద్దు. నీరసంగా ఉంటారు, సిగ్గుపడతారు కూడా. మంచినీళ్లు ఇచ్చి కాసేపు వదిలేయండి.

ఈ మాటలు అనకండి

'ఊరికే టెన్షన్ పడకు', 'నీకేం తక్కువైందని?', 'అందరికీ లేని రోగం నీకేనా?', 'నాటకాలు ఆపు'.. ఇవి ప్రేమతో అన్నా, విసుగుతో అన్నా వాళ్లకు ఒకేలా వినిపిస్తాయి. తర్వాతిసారి వచ్చినప్పుడు మీకు చెప్పకుండా బాత్రూమ్‌లో తలుపేసుకుని ఒంటరిగా పడతారు.

'గాలి సోకింది', 'దిష్టి తగిలింది' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వాళ్లతో గొడవ పెట్టుకోనక్కర్లేదు. దిష్టి తీసినా పర్లేదు, డాక్టర్ దగ్గరకు వెళ్లడం మాత్రం ఆగకూడదు.

ప్రమాదం తెచ్చే చిట్కాలు

సినిమాల్లో చూపించినట్టు కాగితం సంచి మూతికి పెట్టి ఊపిరి పీల్చమనొద్దు. అది నిజంగా ఆస్తమానో, గుండె సమస్యో అయితే ఆక్సిజన్ అందక ముప్పు.

పక్కింటివాళ్ల దగ్గరున్న నిద్రమాత్ర ఇవ్వడం ఇంకా ప్రమాదం. ఆల్ప్రజోలం లాంటి మాత్రలు అప్పటికప్పుడు హాయిగా అనిపిస్తాయి కానీ త్వరగా అలవాటైపోతాయి. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేది కూడా ఇదే మందు. అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే ఆందోళన ఇంకా పెరుగుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ రాసిస్తేనే, రాసినన్ని రోజులే వాడాలి. మందు తాగితే కంగారు తగ్గుతుందన్నదీ అంతే. మత్తు దిగాక ఆందోళన మరింత పెరుగుతుంది.

దూరంగా ఉంటే..?

కొడుకు హైదరాబాద్ హాస్టల్లో, కూతురు అమెరికాలో. అర్ధరాత్రి ఫోన్ చేసి 'అమ్మా.. ఊపిరాడట్లేదు' అంటే? ముందు ఛాతీలో నొప్పి ఉందా, ఇంతకుముందు డాక్టర్‌కు చూపించుకున్నారా అని అడగండి. మొదటిసారి అయితే రూమ్మేట్‌ను లేపి ఆసుపత్రికి వెళ్లమనండి. ఇదివరకు వచ్చిందే అయితే ఫోన్ పెట్టేయకండి. 'లైన్‌లోనే ఉన్నా నాన్నా' అంటూ, మీ ఊపిరి శబ్దం వినిపించేలా నెమ్మదిగా వదలండి. అమెరికాలో ఉన్నవాళ్లు ప్రాణం మీదకు వస్తే 911కి, మానసికంగా తట్టుకోలేకపోతుంటే 988కి ఫోన్ చేయొచ్చు.

అసలు పరీక్ష ఆ తర్వాతే!

అటాక్ అరగంటలో పోతుంది. 'మళ్లీ వస్తుందేమో' అన్న భయం మాత్రం ఉండిపోతుంది. మెట్రోలో వచ్చిందని మెట్రో మానేస్తారు. తర్వాత బస్సు, ఆ తర్వాత పెళ్లిళ్లు, ఆఫీసు. చివరికి గడప దాటాలంటే పక్కన మనిషి కావాల్సిందే.

సరిగ్గా ఇక్కడే ఇంట్లోవాళ్ల ప్రేమ అడ్డం తిరుగుతుంది. 'నువ్వు వెళ్లొద్దులే, నేను తెస్తా', 'ఒంటరిగా వద్దు, నేనొస్తా' అంటూ అన్ని పనులూ మనమే చేసేస్తాం. ఆ రోజుకు వాళ్లకు హాయి. కానీ 'నేను ఒంటరిగా వెళ్లలేను' అన్న నమ్మకం బలపడిపోతుంది.

అలాగని ఒక్కసారిగా తోసేయకూడదు. మొదట ఇద్దరూ కలిసి ఒక స్టేషన్ దూరం వెళ్లండి. తర్వాత ఒకే రైలులో వేరే వేరే చోట కూర్చోండి. ఆ తర్వాత వాళ్లు ఒక్కరే వస్తారు, మీరు స్టేషన్ బయట ఎదురుచూడండి. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కాలో వాళ్లే చెప్పాలి. వీలైతే ఇది చికిత్స చేసే డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టడం మంచిది.

టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు ఎక్కువైతే కొందరికి గుండె దడ పెరుగుతుంది. ఇంట్లో అందరూ కలిసి తగ్గిస్తే ఒక్కరినే కట్టడి చేసినట్టుండదు. నిద్ర, నడక కూడా అలాగే.

చికిత్స ఉంది

అటాకులు మళ్లీ మళ్లీ వస్తూ, ఆ భయంతో నెల రోజులకు పైగా పనులు ఆగిపోతుంటే దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. దీనికి మంచి చికిత్స ఉంది. సీబీటీ అనే టాక్ థెరపీ, అవసరమైతే మందులు. సాధారణంగా ముందు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. 'నాలుగు రోజులైంది, ఏం తగ్గలేదు' అనో, 'తగ్గిపోయింది కదా' అనో సొంతంగా ఆపకుండా చూసే బాధ్యత ఇంట్లోవాళ్లదే.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ 'టెలీ మానస్' హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. రోగే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 'ఎర్రగడ్డ' అంటేనే వెటకారంగా మాట్లాడటం మనకు అలవాటు. ఆ వెటకారానికి భయపడే ఎంతోమంది చికిత్సకు దూరంగా ఉండిపోతున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తించాలి. మీ పాలసీలో ఏముందో ఒకసారి చూసుకోండి.

'చచ్చిపోవాలనిపిస్తోంది' అన్న మాట నోటి వెంట వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ఇక పక్కనుండే మీ సంగతి. రోజూ ఇంకొకరి భయాన్ని మోస్తుంటే మీకూ అలసట, విసుగు వస్తాయి. ఇంట్లో ఇంకో ఇద్దరికి ఈ విషయాలు నేర్పించి పెట్టండి. వంతులవారీగా చూసుకుంటే మీరూ నిలబడతారు. మీరు ఊళ్లో లేని రోజున కూడా 'తగ్గిపోతుంది' అని చెప్పే గొంతు ఒకటి ఇంట్లో ఉంటుంది.