అగోచర శత్రువు: ఇంటి కంప్యూటరు రక్షణ

ఇంటి కంప్యూటరు నేడు వినోదసాధనము మాత్రమే కాదు. మన బ్యాంకు లెక్కలు, పన్ను పత్రములు, వీసా కాగితముల ప్రతులు, స్వదేశమునందలి తల్లిదండ్రులకు పంపు ధనపు వివరములు, దశాబ్దముల కుటుంబచిత్రములు అన్నియు అందే నిక్షిప్తములై యున్నవి. అట్టి యంత్రమున చొరబడిన మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము) తఱచు తన యునికిని చాటుకొనక, మన పనికి ఆటంకము కలిగింపక, తన పని తాను చేసికొనిపోవును. యంత్రము మందగించినప్పుడు చూచుకొందమని యూరకుండువారు గ్రహింపవలసిన సత్యమిది: మిక్కిలి హానికరమైన మాల్‌వేర్ తఱచు ఏ లక్షణమును పైకి కనబడనీయదు.

ఈ సత్యమునకు డి.ఎన్.ఎస్. ఛేంజర్ అను మాల్‌వేర్ వృత్తాంతము ప్రబల నిదర్శనము. మనము వెబ్‌సైటు పేరు టైపు చేయగానే, దానికి తగిన సంఖ్యారూప చిరునామాను డి.ఎన్.ఎస్. సర్వర్లు మన యంత్రమునకు తెలియజేయును. ఎస్టోనియా కేంద్రముగా పనిచేసిన యొక ముఠా, వీడియో చూచుటకు కావలసిన సాధనమని భ్రమింపజేసి జనులచేత ఒక ప్రోగ్రామును డౌన్‌లోడు చేయించి, ఆ యంత్రములు తమ సర్వర్లనే దారి యడుగునట్లు అమరికలు మార్చివేసినది. బాటసారికి దారి చూపువాడే దొంగలతో పొత్తు కలిపిన చందమున, బాధితులు తాము కోరిన చోటికి గాక ముఠా పంపిన చోటికి పోవుచుండిరి. అంతియగాక ఆ ప్రోగ్రాము యాంటీవైరస్‌ను, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అప్‌డేట్ కానీయక తన్ను తాను కాపాడుకొనుచుండెను. 2011 నవంబరులో ఎఫ్.బి.ఐ. దీని గుట్టు రట్టు చేయునాటికి 100కు పైగా దేశములలో సుమారు 40 లక్షల యంత్రములు దాని వాతబడియుండెను. ముఠా సర్వర్లను ఒక్కసారిగా ఆపినచో బాధితులందఱికి ఇంటర్నెట్ నిలిచిపోవునని, న్యాయస్థానపు అనుమతితో వాని స్థానమున నిర్దోషమైన సర్వర్లను నెలకొల్పి 2012 జూలై 9 వరకు నడిపిరి. ఎనిమిది నెలలు హెచ్చరికలు వెలువడినను, గడువు ముగియునాటికి ఇంకను రెండు లక్షలకు పైగా యంత్రములు వానినే ఆశ్రయించి యుండెను!

కనబడని శత్రువును వెదకి పట్టుటకంటె లోనికి రానీయకుండుటయే సులభము. అందు ప్రథమము అప్‌డేట్లను వాయిదా వేయకుండుట. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపమును సరిదిద్దు అప్‌డేట్‌ను విడుదల చేసినను, దానిని అమర్చుకొనని యంత్రములపై మే 12న వాన్నాక్రై అను మాల్‌వేర్ విరుచుకుపడి, ఇంగ్లండు వైద్యశాలలను స్తంభింపజేసి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను గూడ తాకినది. రెండవది, నిత్యవ్యవహారమునకు అడ్మినిస్ట్రేటర్ అధికారములు లేని ఖాతానే వాడుట. మూడవది, రూటరుతో వచ్చిన పాస్‌వర్డును తక్షణము మార్చుట, ఏలయన డి.ఎన్.ఎస్. ఛేంజర్ ఇండ్లలోని రూటర్లలోనికిని ఆ మార్గముననే చొరబడినది. క్రొత్త సినిమా ఉచితముగా లభించుననియు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ ధర లేకయే దొరకుననియు ఆశ చూపు చోట్లకు పోకుండుట నాలుగవది. ముఖ్యమైన ఫైళ్లకు ప్రతి తీసి, ఆ డిస్కును కంప్యూటరు నుండి విడదీసి భద్రపఱచుట ఐదవది.

అనుమానము కలిగినచో, ఆపరేటింగ్ సిస్టమ్ మేలుకొనకముందే పరీక్షించు ఆఫ్‌లైన్ స్కాన్‌ను నడుపవలెను. ఏలయన రూట్‌కిట్ అనబడు మాల్‌వేర్, పనిచేయుచున్న సిస్టమ్‌నే వంచించి తన ఫైళ్లను దాచుకొనగలదు. అప్పటికిని సందేహము తీరనిచో డిస్కును పూర్తిగా తుడిచి సిస్టమ్‌ను క్రొత్తగా స్థాపించుటయే శ్రేయస్కరము. పాస్‌వర్డులను మాత్రము నిర్దోషమైన వేఱొక యంత్రమునుండియే మార్చవలెను.

స్వదేశమున మన తల్లిదండ్రులు వాడు కంప్యూటరు గూడ మన బాధ్యతయే. మీ యంత్రమున వైరస్ ఉన్నదని అపరిచితులెవరైన ఫోను చేసి, తెరను తమకు అప్పగింపుమనినచో ఫోను పెట్టివేయవలెనని వారికి ఓపికతో బోధింపుడు. భారత ప్రభుత్వము 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము మాల్‌వేర్‌ను తొలగించు సాధనములను ఉచితముగా అందించుచున్నది. ఈసారి సెలవులకు స్వగ్రామమునకు పోయినప్పుడు, పెద్దలతో కూర్చుండి ఒక పూట ఈ యమరికలన్నియు సరిచూడుడు. వారికి మనము కొనిపోవు కానుకలలో అది మిక్కిలి యుపయుక్తమైనది.