ప్లే నొక్కితే సరిపోతుందా?

బోనాల ఊరేగింపులోనో, పెళ్లి బరాత్‌లోనో డీసీఎం వ్యాన్ మీద గుట్టగా పేర్చిన బాక్సుల వెనకాల నిలబడ్డ కుర్రాడిని ఈసారి కాస్త గమనించండి. ఎదురుగా లాప్‌టాప్, అందులో వర్చువల్ డీజే సాఫ్ట్‌వేర్. చేతులు కంట్రోలర్ మీద హడావుడిగా తిరుగుతుంటాయి. కానీ జనాన్ని ఊపేస్తున్న తీన్‌మార్ దరువు, పల్లవి మధ్యలో దూరే సినిమా డైలాగు, ఉన్నట్టుండి ఆగి మళ్లీ విరుచుకుపడే బేస్, ఇవేవీ ఆ బండి మీద పుట్టినవి కావు. మ్యూజిక్ తయారుచేసే ఎఫ్ఎల్ స్టూడియో ముందు రాత్రిళ్లు కూర్చుని చేసిన రీమిక్స్ అది. పనితనమంతా ఇంట్లోనే అయిపోయింది. బండెక్కాక మిగిలింది ఒక పాటలోంచి ఇంకో పాటలోకి దాటించడమే.

ఇంట్లో చేసే ఆ పనిని కూడా బండెక్కిస్తే? జనం ఊగుతుండగానే దరువు మారిస్తే, గొంతు ఉంచి వాద్యాలు తీసేస్తే? డీజే సాఫ్ట్‌వేర్‌నీ, మ్యూజిక్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌నీ ఒకే వేదిక మీద జోడించడానికి పాతికేళ్లుగా కుస్తీ సాగుతోంది.

కోరిక మాత్రం సాఫ్ట్‌వేర్ కంటే పాతది. 1980ల్లో షికాగో క్లబ్బుల్లో డీజే ఫ్రాంకీ నకుల్స్ టర్న్‌టేబుళ్ల పక్కనే రోలాండ్ టీఆర్-909 డ్రమ్ మెషీన్ పెట్టుకుని, తిరుగుతున్న రికార్డుకు తన సొంత దరువు తోడుచేసేవాడు. డెట్రాయిట్‌కు చెందిన డీజే జెఫ్ మిల్స్ ఆ 909ను వేదిక మీద వాయిద్యంలాగే వాయిస్తాడు. రికార్డు డ్రమ్ మెషీన్ మాట వినదు కాబట్టి జత కుదర్చాల్సింది చెవి. రికార్డు వెనకబడితే వేలితో నెట్టాలి, ముందుకురికితే అదే వేలితో అదిమిపట్టాలి.

2001లో బెర్లిన్ నుంచి ఏబుల్‌టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాని వెనకున్న గెర్హార్డ్ బేలెస్, రాబర్ట్ హెంకే ఇద్దరూ మోనోలేక్ పేరుతో సంగీతం చేసినవాళ్లే. అందుకే కాబోలు, అది స్టూడియోకంటే వేదిక కోసమే పుట్టినట్టుంటుంది. తెరమీద నిలువు, అడ్డం గళ్లు. ఒక నిలువు వరుసలో డ్రమ్స్, పక్కదాంట్లో బేస్, ఇంకోదాంట్లో గొంతు. ఒక్కో గడిలో ఒక్కో చిన్న ముక్క. ప్యాడ్ నొక్కగానే ఆ ముక్క మోగదు. నడుస్తున్న ఆవర్తం పూర్తయ్యేదాకా ఆగి, సరిగ్గా మొదటి దెబ్బ మీద అందుకుంటుంది. నిమిషానికి 128 దెబ్బల వేగంలో నాలుగు దెబ్బల ఆవర్తం 1.875 సెకన్లు. అంటే ఆ రెండు సెకన్లలోపు ఎప్పుడు నొక్కినా తాళం తప్పదు. ఆలోచించుకునే వ్యవధి కూడా అంతే.

అదే 2001లో డీజే రిచీ హాటిన్ ‘డీఈ9: క్లోజర్ టు ది ఎడిట్’ ఆల్బమ్ విడుదల చేశాడు. వందకు పైగా ట్రాకులను కోసి, మూడొందలకు పైగా లూపులు తీసి, వాటిని మళ్లీ కుట్టి తయారుచేసిన మిక్స్ అది. దాని తరవాత పాటకూ ముడిసరుకుకూ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం కష్టమైంది. హాటిన్ వేదిక మీద కూడా డీజే సాఫ్ట్‌వేర్ ట్రాక్టర్‌నీ, ఏబుల్‌టన్‌నీ పక్కపక్కన నడిపాడు. ‘లాప్‌టాప్ ముందు నిలబడి ఇతగాడు ఏం చేస్తున్నట్టు? మెయిల్ చూసుకుంటున్నాడా?’ అనే అనుమానం జనానికి ఎక్కడైనా ఒకటే. దానికి జవాబన్నట్టు 2017లో ‘క్లోజ్’ అనే ప్రదర్శనలో తన చేతుల మీదే కెమెరాలు పెట్టి, వేళ్లు చేసే పనిని పెద్ద తెరల మీద చూపించాడు.

కంపెనీల ప్రయత్నాలన్నీ ఫలించలేదు. 2010లో డీజే సాఫ్ట్‌వేర్ కంపెనీ సెరాటో, ఏబుల్‌టన్ కలిసి ‘ది బ్రిడ్జ్’ తెచ్చాయి. ఆర్భాటంగా వచ్చింది, నిలవలేదు. సెరాటో కొత్త సాఫ్ట్‌వేర్‌లో దానికి చోటే లేకపోయింది. అసలు చిక్కు విప్పింది 2016లో వచ్చిన ఏబుల్‌టన్ లింక్. ఒకే నెట్‌వర్క్ మీదున్న సాఫ్ట్‌వేర్లన్నీ వేగాన్నీ, దెబ్బనూ పంచుకుంటాయి. ఇందులో పెత్తనం ఎవరిదీ కాదు. భజనలో ఒకరు చిడతలు ఆపినా తాళం సాగినట్టే, ఒక యంత్రం తప్పుకున్నా మిగతావి నడుస్తూనే ఉంటాయి.

ఇంత చెప్పాక తలనొప్పులు కూడా చెప్పాలి. మొదటిది ఆలస్యం. సౌండ్ కార్డ్ బఫర్ 128 శాంపిళ్లు పెడితే, 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 మిల్లీసెకన్లు. అది చెవికి తెలియదు. కానీ ఒక సాఫ్ట్‌వేర్ ధ్వనిని వర్చువల్ కేబుల్ ద్వారా ఇంకోదాంట్లోకి, అక్కడినుంచి బయటికి పంపితే ప్రతి మజిలీలోనూ ఇంకొంత చేరుతుంది. చివరికి రెండు కిక్ డ్రమ్ములు ఒకదాని వెనక ఒకటి పడి, ఒకే దెబ్బ ‘ధన్’ అనాల్సింది ‘ధధన్’ అంటుంది. దీనికి సులువైన మందు, రెంటినీ కంప్యూటర్ లోపల కలపకుండా మిక్సర్‌లో వేరువేరు చానళ్లకు ఇవ్వడం. మిగిలిన తేడాను ఆఫ్‌సెట్‌తో సరిచేసుకోవచ్చు. రెండోది లింక్ నడిచే వైఫై. వేలమంది ఫోన్ల మధ్య దాన్ని నమ్ముకోవద్దు, రెండు లాప్‌టాప్‌ల మధ్య కేబుల్ వేసుకోండి.

మూడోది మన పాటలతో. మీటలు నొక్కి చేసిన నేటి పాటైతే సాఫ్ట్‌వేర్ గీసే బీట్ గ్రిడ్ చక్కగా కూర్చుంటుంది. వాద్యబృందం అంతా కూర్చుని వాయించిన పాత సినిమా పాటలో వేగం చరణానికి కాస్త పెరుగుతుంది, తగ్గుతుంది. అక్కడ యంత్రం తడబడుతుంది. ఏబుల్‌టన్‌లో దెబ్బ ఎక్కడ పడుతుందో చూపే వార్ప్ గుర్తులు ఒక్కొక్కటీ చేత్తో పెట్టుకోవాల్సిందే. మరీ బిగిస్తే పాటలో ప్రాణం పోతుంది. నా ఓటు ఆవర్తానికొక గుర్తుకే, దెబ్బకొకటి వద్దు. ఇక స్టెమ్స్ సదుపాయం వచ్చాక పాటలోంచి గొంతునూ, డ్రమ్స్‌నూ అక్కడికక్కడే విడదీయొచ్చు. సెరాటో దీన్ని 2022లో తెచ్చింది, వర్చువల్ డీజేలోనూ ఉంది. జానకమ్మ గొంతు కింద మన దరువు వేయడం ఇప్పుడు ఒక్క మీట పని. అలా వేసినదాన్ని విడుదల చేయాలంటే హక్కులున్నవాళ్ల అనుమతి తప్పదన్నది వేరే సంగతి.

ఈ జోడింపులో నాకు అన్నిటికంటే ఆశ పుట్టించేది 2021లో ఏబుల్‌టన్ లైవ్ 11తో వచ్చిన టెంపో ఫాలోయర్. ఇన్నాళ్లూ యంత్రం గడియారానికి మనిషి లొంగాడు. ఇది తిరగేసింది. డప్పుకు మైకు పెడితే, ఆ దెబ్బల వేగాన్ని సాఫ్ట్‌వేర్ వింటూ తన వేగం మార్చుకుంటుంది. లక్షణంగా పట్టుకోవాలంటే దరువు స్పష్టంగా ఉండాలి, పక్కనున్న బాక్సుల హోరు మైకులో దూరకూడదు. డీజే బండొచ్చాక డప్పు బృందం పని ముగిసినట్టే చూస్తున్నాం. డప్పు ముందు నడిచి, లాప్‌టాప్ వెనక నడిచే అవకాశం ఇప్పుడు చేతిలో ఉంది.

డీజే తమ్ముళ్లూ, దీనికోసం రేపే కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. మీరు రోజూ వాడే ఎఫ్ఎల్ స్టూడియోలోనే పర్ఫార్మెన్స్ మోడ్ ఉంది. పూర్తయిన రీమిక్స్‌ను ఒకే ఫైలుగా కాకుండా దరువు, బేస్, గొంతు, డైలాగు అని నాలుగు ముక్కలుగా తెచ్చుకుని, వచ్చే బరాత్‌లో ఒక్క పాటకైనా ప్యాడ్ల మీద వాయించి చూడండి.