మూడు పసుపు పూల పొదలు: వేరుపరచు విధము

వానకాలము సాగుచుండగా మన గ్రామముల పొలిమేరలయందును, బాటల ప్రక్కలను, పాడుపడిన దొడ్లలోను, అడవి అంచులయందును పసుపు పూలు పూయు పొదలు ఒత్తుగా పెరుగును. వానిలో తంగేడును ఎరుగనివారుండరు. తగిరిస లేత ఆకును కూరగా వండుకొనువారును పెక్కురు కలరు. ఈ రెండింటి సరసనే కసింద యనునది కూడ పెరుగును. మూడును దగ్గరి జాతులగుటచే దూరమునుండి చూచువారికి ఒకే తీరున కనబడును. కాని కసింద గింజ పసిబిడ్డల ప్రాణమునకు ముప్పు తెచ్చునది. అందుచేత ఈ మూడింటిని వేరుపరచు విధమును పంచాయతి సభ్యులకు కొంత వివరముగా తెలుప తలంచితిమి.

2016వ సంవత్సరమున, వానకాలము ముగియు దినములలో, ఒడిశా రాష్ట్రములోని మల్కనగిరి జిల్లాయందు నూరుమందికి పైగా పసిపిల్లలు మరణించిరి. వారిలో పెక్కురు గిరిజన గ్రామములవారు. ఆ జిల్లా అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఆనుకొనియున్నది. మొదట అంతయు మెదడువాపు జ్వరమేయని తలచిరి. కొందరి విషయమున అది నిజమే. కాని డాక్టర్ టి. జాకబ్ జాన్ నాయకత్వమున వచ్చిన నిపుణులు గ్రామములు తిరిగి విచారింపగా, జబ్బుపడిన పిల్లలలో పలువురు కసింద కాయలు తినియుండవచ్చునని తేలినది. ఆ గింజలలో ఆంత్రక్వినోనులను విషపదార్థములు కలవు. అంతకు పూర్వమే ఉత్తరప్రదేశములోని బిజ్నోర్ ప్రాంతమున ఏటేట చలికాలపు ఆరంభములో పిల్లలను బలిగొనుచుండిన వింత వ్యాధికి కారణము ఈ కసింద గింజలేయని అక్కడి వైద్యులు 2007లో ప్రకటించియుండిరి.

ఈ విషము కాలేయమును, కండరములను, మెదడును ఒక్కమారుగా దెబ్బతీయును. బిడ్డకు వాంతులు మొదలై, కొలది గంటలలోనే తెలివి తప్పుట, మూర్ఛలు వచ్చుట సంభవించును. జ్వరము ఉండకపోవచ్చును, ఉన్నను స్వల్పము. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కనుక నాటుమందులతో ఒక్క గడియయు జాగుచేయక బిడ్డను పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. బిడ్డ తినిన కాయను, దొరికినచో కొమ్మను గూడ వెంట తీసికొనిపోయి వైద్యునకు చూపవలెను. పశువులకును ఇది హానికరమే. ఈ గింజలు మేతలో కలిసినచో కండరములు చెడి పశువు లేవలేక కూలబడును.

ఇక గుర్తింపు విషయము. పేరును నమ్ముకొనుట మొదటి పొరపాటు. తగిరిసకే తంటెమనియు, చిన్న కసిందయనియు పేర్లు కలవు. కొన్నిచోట్ల చెన్నంగి యన్న పేర వండుకొను ఆకు కసింద ఆకే. సునాముఖిని నేల తంగేడని పిలుచుట పరిపాటి. ఒక ఊరి తగిరిస పొరుగూరివారికి కసింద కావచ్చును. కాబట్టి గ్రామసభలో “కసిందను పీకివేయవలెను” అని తీర్మానించినంత మాత్రమున పని జరుగదు. మొక్కను చేతబట్టి చూపవలెను.

శాస్త్రజ్ఞుల పేర్లు ఇంతకంటె నిలకడయైనవని అనుకొనరాదు. 1753లో లిన్నేయస్ పండితుడు వీనినన్నిటిని, మన రేల చెట్టుతో సహా, కేసియా అను ఒకే ప్రజాతిలో చేర్చెను. 1982లో ఇర్విన్, బార్నబీ అను అమెరికా వృక్షశాస్త్రజ్ఞులు ఆ ఉమ్మడి కాపురమును విడదీసి, రేలను కేసియాలోనే ఉంచి, తంగేడును, కసిందను, తగిరిసను సెన్నా అను ప్రజాతిలోనికి మార్చిరి. రేలపువ్వులో మూడు కేసరములు విల్లువలె వంగి పొడవుగా వ్రేలాడును. సెన్నా పువ్వులలో అట్టి వంపు లేదు. పేర్లు మార్చుటలో ఈ పండితులు జిల్లాల సరిహద్దులు మార్చు మా బోటి సర్కారువారికి తీసిపోరు. కాని వారు ఎన్నుకొను ఆనవాళ్లు మాత్రము పల్లెలలో మిక్కిలి అక్కరకు వచ్చునవి.

పువ్వునుబట్టి ఈ మూడింటిని వేరుచేయుట కష్టము. అన్నియు అయిదు రేకుల పసుపు పూలే. తంగేడు పువ్వు పెద్దది, నిండైనది. తక్కిన రెండును చిన్నవి. అంతకుమించి పువ్వు చెప్పునది లేదు. ఆకు చెప్పును. ఈ మొక్కల ఆకు ఒక ఈనెకు ఇరువైపుల జతలు జతలుగా చిన్న రెబ్బలు కలిగియుండును. ఆ ఈనెమీద తేనెవంటి ద్రవమును స్రవించు చిన్న గ్రంథి యొకటి కలదు. అది ఆవగింజంత బొడిపెగానో, సన్నని ముల్లువలెనో కనబడును. చీమలు దానిచుట్టు తిరుగుచుండుటను చూచియేయుందురు. ఆ గ్రంథి ఎక్కడనున్నదో చూచినచో మొక్క యేదో తెలియును.

తంగేడున ప్రతి జత రెబ్బల నడుమను సన్నని గ్రంథి నిలిచియుండును. జతలు ఎనిమిదినుండి పండ్రెండువరకు ఉండును. ఆకు మొదట, కొమ్మకు అంటుకొని, చెవి ఆకారమున రెండు ఆకుతునకలు ఉండును. ఆరిక్యులేటా, అనగా చెవులుగలది, అను శాస్త్రనామము వీనినిబట్టియే వచ్చినది. తగిరిసకు మూడే జతలు. రెబ్బల కొనలు వెడల్పై మొద్దుగానుండును. గ్రంథులు క్రింది జతల నడుమ మాత్రమే కలవు. కసిందకు నాలుగైదు జతలుండి, రెబ్బలు కొనదేరి, చివరి జత అన్నిటికంటె పెద్దదిగానుండును. దీని ఆకులో రెబ్బల నడుమ గ్రంథి యుండనే యుండదు. అది ఆకుకాడ మొదట, కొమ్మకు అతి చేరువగా, ఒక్కటియే నల్లని బొడిపెగా నుండును. ఆకును నలిపినచో దుర్వాసన కొట్టును. వాసనను మాత్రమే నమ్మవలదు, తగిరిసకును కొంత వాసన కలదు, గ్రంథిని చూడవలెను.

కాయలు ముదిరిన పిమ్మట తికమక తగ్గును. తంగేడు కాయ కాగితమువలె పలుచనై చదునుగా నుండును. తగిరిస కాయ సన్నగా, జానెడుకు కొంచెము తక్కువ పొడవున, కొడవలివలె వంగును. దాని గింజ నునుపై, మెరయుచు, కోణములు తేరియుండును. కసింద కాయ నాలుగైదు అంగుళముల పొడవున కొద్దిగా వంగి నిక్కియుండును. గోధుమరంగు కాయకు ఇరు అంచులను లేత రంగు గీత కలదు. లోపల గింజలు అడ్డముగా అరలలో పేర్చినట్లుండి, చదునుగా, కాంతిలేక యుండును. పిల్లలు దీనిని చిక్కుడుజాతి కాయయని నోటబెట్టుటకు ఈ ఆకారమే కారణము.

తగిరిసలోను రెండు జాతులు కలవు: సెన్నా టోరా, సెన్నా ఆబ్ట్యుసిఫోలియా. వీనిని చాలకాలము పండితులే ఒకటిగా లెక్కించిరి. గ్రామ అవసరమునకు ఆ భేదముతో పనిలేదు.

గింజలు ఏరి అమ్ముకొను గిరిజన కుటుంబములకు పైభేదము రూపాయలతో కూడినది. కేంద్రప్రభుత్వము కనీస మద్దతుధర ప్రకటించు చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో తగిరిస గింజలు చేరియున్నవి. వీనినుండి తీయు బంక ఆహారపరిశ్రమలలో వాడుకలోనున్నది. బంక తీయు గింజలలో కసింద గింజలు రెండువేలింట ఒకవంతుకంటె తక్కువగా ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణములు విధించుచున్నవి. కలిసిన గింజలను ఏరుట కన్న, కోతనాడే కసింద మొక్కను వేరుచేయుట సులభము.

కసిందను పీకుటకు తగిన అదను పూత దశ. కాయ పండి చిట్లినచో గట్టి పొట్టుగల గింజలు నేలలో ఏండ్లతరబడి చెడక మరల మొలచును. కనుక ఒక్క ఏటి పనితో తీరదు. అంగన్‌వాడి, బడి, తాగునీటి కుళాయి, పిల్లలాడు ఖాళీ స్థలము, వీనితో మొదలుపెట్టుడు. కాయలు ఎండియున్నచో రాలనీయక ముందుగా కోసి సంచిలో వేసి కాల్చివేయవలెను. పనివారికి తంగేడును గూడ చూపవలెను. బంజరునేలను పట్టి నిలుపునది, పశువులు ముట్టనిది, పచ్చిరొట్టగా మళ్లకు ఉపకరించునది, తోళ్లు పదును చేయుటకు బెరడునిచ్చునది తంగేడు. 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పముగా ఎన్నికైన బతుకమ్మపువ్వును కలుపుమొక్కయని నరికించుట తగదు.

అనుమానము తీరనిచో పూవును, కాయయు, ఆకుకాడ మొదలును ఉండునట్లు కొమ్మను కోసి, పాత వార్తాపత్రికల నడుమ అదిమి, దినమునకొకమారు కాగితము మార్చుచు ఆరబెట్టవలెను. ఊరిపేరు, తేది, స్థలము, ఊరివారు పిలుచు పేరు చీటిపై వ్రాసి దానికి జతపరచి, సమీప కళాశాల వృక్షశాస్త్రశాఖకు గాని, హైదరాబాదులోని భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ కేంద్రమునకు గాని చూపవచ్చును. కాడ మొదలు తెగిన ఆకును పంపినచో గ్రంథి కనబడదు; అట్టి నమూనాతో ఎవరును తేల్చి చెప్పజాలరు.