రంగు వేయని మంచు

జపాన్‌లో చలికాలం మంచు కురుస్తుంది. మన ఊళ్ళో తెల్లవారుజామున కమ్మే పొగమంచు కాదు. దూది పింజల్లా రాలే మంచు. దారులు, ఇళ్ళు, చెట్లు తెల్లగా అయిపోతాయి. చప్పుడే ఉండదు.

కవాసే హసుయి అనే చిత్రకారుడు ఈ మంచు బొమ్మలకు పేరు పొందారు. 1925లో వచ్చిన ఆయన బొమ్మ ఒకటి చూద్దాం. టోక్యోలో జోజోజీ అనే బుద్ధుడి గుడి ఉంది. దాని ఎర్రటి పెద్ద వాకిలి ముందు ఒక ఆడమనిషి గొడుగు వాల్చి నడిచిపోతోంది. దారిలో ఇంకెవరూ లేరు. చుట్టూ మంచు.

ఆ మంచుకు తెల్ల రంగు వేయలేదు. మరి తెలుపు ఎక్కడిది? అది వట్టి కాగితం!

ఎలాగంటారా? ఇది చెక్క అచ్చుతో వేసిన బొమ్మ. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టల మీద చెక్క అచ్చులు అద్దుతారు కదా, అలాంటి పనే. కాకపోతే పెడనలో అచ్చును బట్ట మీద నొక్కుతారు. జపాన్‌లో అచ్చు కిందే ఉంటుంది. దానికి రంగు పూసి, పైన కాగితం పరుస్తారు. వెదురు పొర చుట్టిన బిళ్ళతో కాగితం వెనక రుద్దుతారు.

అచ్చులో ఎత్తుగా ఉన్న చోట రంగు అంటుతుంది. గుంట తీసిన చోట అంటదు. రంగులు మారే కొద్దీ అచ్చులూ మారతాయి. ఒక మంచు పింజ తెల్లగా ఉండాలంటే, అక్కడ రంగు పడే ప్రతి అచ్చులోనూ అదే చోట గుంట ఉండాలి. కాస్త జరిగినా పింజ మీదికి ఎరుపో నీలమో ఎక్కుతుంది.

బొమ్మ గీసేది హసుయి. చెక్కేవారు వేరు, అద్దేవారు వేరు. డబ్బు పెట్టి చేయించింది వటనబే అనే వ్యాపారి. బొమ్మ మీద సంతకం హసుయిది. చెక్కినవాళ్ళ పేర్లు చాలామందికి తెలియవు. నాకైతే ఆ గుంటలు తీసిన చేతులే గొప్పవనిపిస్తాయి.

ఈ బొమ్మకు రెండేళ్ళ ముందు, 1923 సెప్టెంబరు 1న, టోక్యోలో పెద్ద భూకంపం వచ్చింది. మంటలు లేచాయి. లక్షమందికి పైగా చనిపోయారు. హసుయి ఇల్లు కాలిపోయింది. ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి బొమ్మలు గీసుకున్న పుస్తకాలు బూడిదయ్యాయి. వటనబే కొట్లో ఉన్న అచ్చులూ కాలిపోయాయి. హసుయి మళ్ళీ బయలుదేరారు. మూడు నెలలకు పైగా తిరిగి, కొత్తగా గీసుకుని వచ్చారు. గుడి వాకిలి మాత్రం నిలిచింది. 1622లో కట్టింది, ఇప్పటికీ ఉంది.

1953లో జపాన్ ప్రభుత్వం ఈ పనితనాన్ని భద్రపరచాలనుకుంది. హసుయి మళ్ళీ అదే గుడిని మంచులో గీశారు. ఈసారి చెక్కడం, అద్దడం కూడా మొదటి నుంచి చివరి దాకా రాసి పెట్టారు.