మూత తీశావా బాబాయ్?

మా మేనత్త పెళ్లి ఆల్బమ్ అప్పగింతలతో మొదలవుతుంది.

జీలకర్రబెల్లం లేదు, మంగళసూత్రం లేదు, తలంబ్రాలు లేవు. మొదటి పేజీ తిప్పగానే అత్త ఏడుస్తూ ఉంటుంది. ఎనభైల్లో రేపల్లెలో జరిగిన పెళ్లి అది. స్టూడియో అతన్ని మాట్లాడితే ఖర్చని, ‘మనవాడి దగ్గర కెమెరా ఉందిగా’ అని ఆ పని మా బాబాయికి అప్పజెప్పారు. కెమెరా యాషికా ఎలక్ట్రో 35. జపాన్‌లో 1966లో వచ్చిన రకం. తెనాలిలో రేపల్లె బండెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటేదాకా దాన్ని ఒళ్లోంచి దించలేదట. పెళ్లి తంతు మొత్తానికి ఒక రీలు, 36 ఫొటోలు నొక్కాడు. రీలు మార్చబోతూ చూసుకుంటే లెన్సు మూత లెన్సు మీదే ఉంది.

అప్పట్నుంచీ అది మా ఇంట్లో సామెత. ఊరెళ్లేటప్పుడు గ్యాస్ కట్టేశామా అని అడగడానికి కూడా ‘మూత తీశావా?’ అనే అంటాం.

మూత ఉంటే కెమెరాలో చీకటిగా కనపడదా అని ఈ కాలం పిల్లలు అడుగుతారు. ఆ కెమెరాలో కనపడదు. రేంజ్‌ఫైండర్ కెమెరాలో మన కన్ను లెన్సులోంచి చూడదు. పైన మూలనున్న గాజు కిటికీలోంచి చూస్తుంది. కింద లెన్సు కళ్లు మూసుకున్నా కిటికీలో పెళ్లి పచ్చగా జరుగుతూనే ఉంటుంది. వెలుతురు కొలిచే కన్ను సైతం ఆ యాషికాలో పైనే, విడిగా ఉంటుంది. కాబట్టి అదీ బాబాయిని హెచ్చరించలేదు.

రేంజ్‌ఫైండర్‌లో ఫోకస్ కిటుకు తెలుసుకోవాలంటే బొటనవేలు చాపి ఒక కన్ను మార్చి ఒక కన్ను మూసి చూడండి. వేలు పక్కకు గెంతుతుంది. దగ్గరికి తెస్తే ఎక్కువ, దూరంగా పెడితే తక్కువ. కెమెరాలోనూ అంతే. రెండు కిటికీలుంటాయి. పెద్దదాంట్లోంచి దృశ్యం నేరుగా వస్తుంది. చిన్నదాంట్లోంచి అదే దృశ్యం అద్దాల మీదుగా వచ్చి మధ్యలో ఓ చిన్న మచ్చలో పడుతుంది. లెన్సు రింగు తిప్పుతుంటే మచ్చలో బొమ్మ పక్కకు జరుగుతుంది. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఫోకస్ కుదిరినట్టే. లైకా ఎం కెమెరాల్లో ఆ రెండు కిటికీల మధ్య దూరం సుమారు 69 మిల్లీమీటర్లు. మన రెండు కళ్ల ఎడం కన్నా ఓ పిసరు ఎక్కువ.

ఈవీఎఫ్, అంటే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌ది వేరే దారి. లెన్సులోంచి వచ్చిన వెలుగు సెన్సర్ మీద పడుతుంది. సెన్సర్ చూసినదాన్ని కంటి దగ్గరున్న చిన్న తెర మీద వేసి చూపిస్తారు. ఒకటి కిటికీ, ఇంకొకటి టీవీ. నా దగ్గరున్న ఫ్యూజీ ఎక్స్100వీలో ఈ రెండూ ఉన్నాయి. ముందువైపు ఓ చిన్న మీట లాగితే కిటికీ, మళ్లీ లాగితే టీవీ. ఇది అసలు సిసలు రేంజ్‌ఫైండర్ కాదు, ఫోకస్ అదే చేసుకుంటుంది. కానీ చూపు సంగతి తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి కెమెరా లేదు.

మొన్న బాబాయీ నేనూ సూర్యలంక బీచికి వెళ్లాం. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. బాబాయి మెడలో యాషికా, నా మెడలో ఫ్యూజీ. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయన కెమెరా పట్టడం అదే మొదలు. ఒడ్డుకు లాగిన పడవకి గురిపెట్టాడు. నేను కూడా చూద్దామని తొంగిచూస్తే, రింగు తిప్పకుండా ఊరికే నిలబడి ఉన్నాడు.

‘‘పడవ అంచు మీద పట్టకూడదురా. అది అడ్డగీత. మచ్చలో బొమ్మ జరిగేదీ అడ్డంగానే. ఎంత జరిగినా గీత మీద గీతే ఉంటుంది, కలిసినట్టే కనపడుద్ది. తెడ్డు నిలబెట్టుంది చూడు, దాని మీద పట్టాలి’’ అన్నాడు.

కాసేపటికి వల సర్దుకుంటున్న ఓ పెద్దాయన కనిపించాడు. గళ్ల లుంగీ. ‘‘లుంగీ మీద కూడా పట్టకూడదు. ఈ గడి వెళ్లి పక్క గడి మీద కూర్చుంటది. కుదిరిందనుకుని నొక్కామా, మనిషి మసకే. చెవి మీద పట్టు.’’ నేను చదివిన ఏ కెమెరా సమీక్షలోనూ గళ్ల లుంగీ గురించి లేదు.

అదే పడవను నా ఫ్యూజీలో టీవీ వేసుకుని చూశాను. ఫొటో నొక్కకముందే ఫొటో కనపడింది. అలల నురగ తెల్లగా మాడిపోతున్నచోట తెర మిణుకుమిణుకుమంటుంది. వెలుతురు తగ్గించుకుంటే నురగలో గీతలు తిరిగొస్తాయి. పాతకాలంలో ఇదంతా మనసులో ఊహించుకోవాల్సిందే. మన తెనాలి చక్రపాణి, నాగిరెడ్డి కలిసి తీసిన ‘మాయాబజార్’ (1957)లో కెమెరామన్ మార్కస్ బార్ట్లే కురిపించిన వెన్నెల తలుచుకోండి. సెట్లో పెట్టుకుని చూడ్డానికి మానిటర్ లేదు. ఫిలిం ల్యాబ్ నుంచి వచ్చేదాకా ఆ వెన్నెల ఆయన తలలోనే ఉంది.

కానీ ఎండెక్కేసరికి టీవీ వెలవెలబోయింది. సముద్రపు ఎండకు అలవాటుపడ్డ కన్ను ఆ బుల్లి తెరను చూడలేదు. చెయ్యి గొడుగులా అడ్డం పెట్టుకుని వెతుక్కోవాల్సి వచ్చింది. తెరలో 36.9 లక్షల చుక్కలున్నాయని కంపెనీ గొప్పగా రాస్తుంది. మూడు రంగులకు మూడు చుక్కలు కలిస్తే ఒక పిక్సెల్. అంటే అసలు లెక్క పన్నెండు లక్షల చిల్లర. కిటికీలో చుక్కలే లేవు, ఇసుక ఇసుకలాగే ఉంటుంది. బ్యాటరీ సంగతీ అంతే. కంపెనీ లెక్కలోనే ఈ కెమెరాకు కిటికీతో 420 ఫొటోలు, టీవీతో 350. ఇంకో మాట. కంటి వైపు గాజును ఎండకు తిప్పి వదిలేస్తే లోపలి తెర కాలిపోతుంది. రేంజ్‌ఫైండర్ వాళ్లకూ ఆ భయం వేరే రకంగా ఉంది. పాత లైకాల్లో గుడ్డ షట్టరు ఉంటుంది. మూత తీసి లెన్సును సూర్యుడి వైపు పెడితే దానికి చిల్లి పడుతుంది. అక్కడ మూత పెట్టకపోవడం తప్పు!

కిటికీ వేసుకున్నప్పుడు జరిగిన ఒక్క సంగతి మాత్రం నాకు వదలడం లేదు. గాజులో తెల్ల గీతల చట్రం తేలుతుంటుంది, దాని లోపలిదే ఫొటోలో పడేది. చట్రంలో బాబాయి, పడవ. చట్రం బయట, ఎడమపక్క నుంచి ఓ కుర్రాడు టైరు దొర్లించుకుంటూ వస్తున్నాడు. వాడు వస్తున్నాడని నాకు ముందే తెలుసు. గీత తొక్కగానే నొక్కాను. టీవీలో అయితే చట్రం బయట లోకమే లేదు, వాడు ఊడిపడ్డట్టు వచ్చేవాడు. ఈవీఎఫ్ ఫొటోను చూపిస్తుంది. రేంజ్‌ఫైండర్ కిటికీ ఫొటో కాబోయేదాన్ని కూడా చూపిస్తుంది. నేను కిటికీ పక్షం అని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

తెనాలిలో పెళ్లిళ్లు తీసేవాళ్ల ముందు ఈ మాటంటే నవ్వుతారు. నవ్వాలి కూడా. ముహూర్తం గడియకు జీలకర్రబెల్లం పెట్టే చెయ్యి ఒక్కసారే లేస్తుంది. మంటపం నిండా ఎల్‌ఈడీ వెలుగులు, హోమం పొగ, ముందు వీడియో అతని వీపు. అద్దం సాయంతో లెన్సులోంచే చూపించే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల రోజుల్లో నొక్కిన క్షణాన లోపలి అద్దం లేచి కన్నుకు చీకటి కమ్మేది. అంటే తీసిన క్షణాన్ని తీసినవాడే చూడలేదు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దమే లేదు. కెమెరా పెళ్లికూతురి కన్ను ఎక్కడుందో తనే వెతికి పట్టుకుంటుంది, ఎల్‌ఈడీల వల్ల చారలు పడుతుంటే తెర మీదే బయటపెడుతుంది. రేంజ్‌ఫైండర్‌తో మూడు ముళ్లు దగ్గరగా తీద్దామంటే 70 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది చాలా లెన్సులతో. దూరం నుంచి లాగుదామంటే 135 మిల్లీమీటర్ల లెన్సు దాటితే ఆ చిన్న మచ్చ పనికిరాదు. దాంతో పెళ్లి ఒప్పుకుంటే అడ్వాన్సు తిరిగివ్వాల్సిందే.

ఈ పోరు కొత్తదీ కాదు. 1932లో లైకా రెండో మోడల్‌కు ఫోకస్‌తో ముడిపడిన రేంజ్‌ఫైండర్ వచ్చింది, 1954లో ఎం3తో అది శిఖరానికి చేరింది, 1959లో నికాన్ ఎఫ్ అనే ఎస్‌ఎల్‌ఆర్ వచ్చి వృత్తివాళ్లను తన వైపు లాగేసుకుంది. డిజిటల్‌లో మొదటి రేంజ్‌ఫైండర్ లైకాది కాదు, 2004లో ప్రింటర్ల కంపెనీ ఎప్సన్ తెచ్చిన ఆర్-డీ1. లైకా ఎం8 మరో రెండేళ్లకు వచ్చింది. చివరికి 2025 అక్టోబరులో లైకాయే ఎం వరుసలో ఒక కెమెరాకు రేంజ్‌ఫైండర్ తీసేసి, ఆ స్థానంలో ఈవీఎఫ్ పెట్టి ఎం ఈవీ1 అని అమ్మకానికి పెట్టింది. గుడి కట్టిన పూజారే హుండీ కోసం పక్క వీధిలో ఇంకో గుడి కట్టినట్టుందని నాకనిపించింది. కళ్లద్దాల వాళ్లూ, ఆపరేషన్ అయిన వాళ్లూ దాన్ని మెచ్చుకుంటున్నారు, అందులో అన్యాయమేం లేదు.

సూర్యలంకలో చివరికి బాబాయి యాషికా నాకిచ్చి, ఫ్యూజీ అడిగాడు. ఇసుక పడుతుందని అప్పుడే మూత పెట్టాను. మీట టీవీ వైపే ఉంది. కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు.

‘‘ఒరేయ్, నల్లగా ఉంది. అంకెలు మాత్రం వెలుగుతున్నయ్. బ్యాటరీ అయిందా?’’

‘‘మూత తీయలేదు బాబాయ్.’’

కెమెరా దించలేదు. ఆ చీకట్లోకే ఇంకాసేపు చూసి, ‘‘రేపల్లెకి ఫోన్ కలుపు’’ అన్నాడు. కలిపాను. స్పీకరు పెట్టాను. కొత్త కెమెరాలో మూత ఉంటే ఏమీ కనపడదనీ, అప్పుడు ఇదే చేతిలో ఉండి ఉంటే పెళ్లంతా వచ్చేదనీ అత్తకు వివరంగా చెప్పాడు. సముద్రం హోరులో అత్త ఓపిగ్గా విన్నది.

‘‘ఇప్పుడొచ్చి తీస్తానంటావేంటి అన్నయ్యా? మీ బావకి జుట్టే లేదు.’’