వినపడక కాదు... విడదీయలేక!

ఆదివారం మధ్యాహ్నం. హాల్లో టీవీ మోగుతోంది. వంటింట్లో కుక్కర్ కూతలు, వరండాలో పిల్లల కేకలు. 'మామయ్యగారూ, మాత్ర వేసుకున్నారా?' కోడలు మూడుసార్లు అడిగింది. ఉలుకూ పలుకూ లేదు. అంతలో గరిటె కింద పడితే మాత్రం పెద్దాయన ఉలిక్కిపడి అటు చూశారు. 'తాతయ్యకి కావాల్సినవే వినిపిస్తాయి' అన్నాడు మనవడు. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

చాలా ఇళ్లలో జరిగేదే ఇది. కానీ తప్పు పెద్దాయనది కాదు.

చెవికి రెప్పల్లేవు. చుట్టూ ఉన్న చప్పుళ్లన్నీ లోపలికి వెళ్తాయి. ఏది వినాలో, ఏది వదిలేయాలో తేల్చేది మెదడే. పెళ్లిపందిట్లో మేళం మోగుతున్నా పక్కవారి మాట వినగలుగుతున్నామంటే ఈ జల్లెడ పుణ్యమే. బ్రిటన్‌కు చెందిన కాలిన్ చెర్రీ 1953లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి ఒక్కో చెవిలో ఒక్కో సందేశం వినిపించి, ఒకదాన్ని తిరిగి చెప్పమన్నారు. చెప్పారు. రెండోది ఏ భాషలో సాగిందో మాత్రం కచ్చితంగా చెప్పలేకపోయారు!

వయసు పెరిగేకొద్దీ ఈ జల్లెడ కన్నాలు పెద్దవవుతాయి. అక్కర్లేనిదాన్ని పక్కకు నెట్టే శక్తి తగ్గడమే అసలు చిక్కని 1988లో అమెరికా మనస్తత్వవేత్తలు లిన్ హేషర్, రోజ్ జాక్స్ ప్రతిపాదించారు. అన్ని పరిస్థితుల్లోనూ ఇది ఒకేలా ఉండదు. పేపరు చదువుతున్నప్పుడు రేడియో మోగినా కొందరు పెద్దలకు ఇబ్బంది అనిపించదు. మాటల మధ్య నుంచి మాటను ఏరుకోవాల్సి వచ్చినప్పుడే అసలు కష్టం.

దీనికి చెవి సమస్యా తోడవుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు సుమారు 15 వేలు. దెబ్బతింటే మళ్లీ పుట్టవు. సాధారణంగా ముందు తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తి. దాంతో స, త, క లాంటి అక్షరాలు తేలిపోతాయి. మాట వినిపిస్తుంది, 'పాలు' అన్నారో 'కాలు' అన్నారో తెలియదు. అందుకే అరిచినా లాభం తక్కువే.

ప్రతి మాటనూ ఊహించుకోవడం అలసట. నలుగురిలో నవ్వులపాలవుతామన్న బెరుకు వేరే. క్రమంగా మూలగదికి పరిమితమైపోతారు. మతిమరుపు జబ్బు ముప్పును పెంచే, మనం సరిదిద్దుకోగల 14 అంశాల్లో వినికిడి లోపం ఒకటని 2024లో లాన్సెట్ కమిషన్ పేర్కొంది. లోపం ఉన్న ప్రతివారికీ ఆ జబ్బు వస్తుందని కాదు. నిర్లక్ష్యం చేయకూడదంతే.

ఇంట్లో ఏం చేయొచ్చు?

* మాట్లాడేముందు టీవీ కట్టేయండి.
* వెనక నుంచి కాదు, ఎదురుగా వచ్చి పిలవండి.
* అరవకుండా నిదానంగా చెప్పండి. అర్థం కాకపోతే అదే మాట కాకుండా మరోలా చెప్పండి.
* ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి.
* చెవి డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి అడ్డు గుబిలే కావచ్చు. అవసరమైతే వినికిడి యంత్రం వాడాలి.

టీవీ ఆపి, పక్కన కూర్చుని అడిగి చూడండి. 'వేసుకున్నానమ్మా' అన్న జవాబు మొదటిసారికే రావచ్చు.