అరిగిన గాడిలో మిగిలిన గళం

శబ్దం ఆకాశగుణమనీ, పుట్టి నిలువక నశించేదనీ నైయాయికులు చెప్పారు. కాదు, శబ్దం నిత్యమనీ, ఉచ్చారణ దానిని వెల్లడి మాత్రమే చేస్తుందనీ మీమాంసకులు వాదించారు. శతాబ్దాలపాటు సాగిన ఆ వాదానికి తీర్పు ఏదైనా, 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టిన నాటినుండి అందులో ఒక కొత్త సాక్షి ప్రవేశించినట్లయినది. పాడినవాడు పోయినా పాట నిలువగలదని ఆ యంత్రం చూపినది. ఐతే నిలిచిన పాట ఎంతకాలం నిలుస్తుంది? ఎవరి చేతిలో నిలుస్తుంది? పాత గ్రామఫోను ప్లేట్లనూ, వాటిని పలికించే ముళ్ళనూ, స్పీకర్లనూ ప్రాణప్రదంగా చూసుకొనే అభిమానులను చూచి లోకం నవ్వుకోవచ్చును. ఆ వెర్రి వెనుక ఉన్నది మాత్రం ఈ ప్రశ్నయే.

గోదావరి సీమలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బలమున్నది. పద్యాన్ని కంటితో చదువుకోవడంతో తృప్తిపడక, చెవులారా విన్న సీమ అది. తిరుపతి వేంకట కవులలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి కడియంలోను, దివాకర్ల తిరుపతిశాస్త్రి భీమవరం చెంతనున్న యండగండిలోను జన్మించారు. వారి పాండవోద్యోగ విజయాలలోని పద్యాలు అక్షరం ముక్క రాని పాలేరుకు సైతం కంఠస్థమైనవంటే అందుకు కారణం అచ్చుపుస్తకం కాదు, రంగస్థలం. చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానానికి వచ్చిన ప్రచారం కూడా అట్టిదే. తెల్లవార్లు సాగే ఆ నాటకాలలో ఒక్క పద్యానికి నటుడు ఎంతసేపు రాగం తీసినా ప్రేక్షకులకు తనివి తీరేది కాదు. ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి మళ్ళీ పాడించుకొనేవారు.

అట్టి పద్యం గ్రామఫోను ప్లేటు మీదికి ఎక్కవలసి వచ్చేటప్పటికి దానికొక కట్టుబాటు ఏర్పడినది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే పలుకుతుంది. రంగస్థలం మీద పావుగంట విహరించగల రాగం అక్కడ మూడు నిమిషాలకు ఒదగాలి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు, కళ్యాణం రఘురామయ్య మొదలైనవారి గళాలు ఆ కొలతలో ఇమిడి ఊరూరా ప్రవహించినవి. వీరు గోదావరి తీరంలో పుట్టినవారు కాకున్నా, ఆ తీరం వారిని తనవారినిగానే చేసుకొన్నది. ఒక నాటకాన్ని అనేక ప్లేట్లకు పంచి, సెట్లుగా కూడా అమ్మేవారు. ఊళ్ళో గ్రామఫోను ఉన్న ఇల్లు ఒకటో రెండో. సాయంకాలమైతే ఆ ఇంటి అరుగే సభామండపం.

ఆ ప్లేటు ముఖ్యంగా లక్కతో చేసినది. లక్కకు పుట్టినిల్లు భారతదేశమే కనుక ముడిసరుకుకు కొరత లేదు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్ల కర్మాగారం వెలసినది. 1928లో అది డండంకు మారినది. పాశ్చాత్య దేశాలలో లక్క ప్లేట్లు దాదాపు అంతరించిన తరువాత కూడా, 1960ల నడుమ, బీటిల్స్ పాటలు భారతదేశంలో లక్క ప్లేట్లపై అచ్చయినవి. విద్యుత్తు రాని పల్లెలలో తాళం తిప్పి ఆడించే గ్రామఫోనులు ఇంకా ఉండడమే అందుకు కారణం.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలున్నవి. వాటిపై గంటం అక్షరాన్ని చెక్కినది; చదివేది కన్ను. కన్ను ఎన్నిమార్లు చదివినా ఆకు అరగదు. ప్లేటు సంగతి వేరు. ఇక్కడ వ్రాసినది ములుకే, చదివేదీ ములుకే. చదివిన ప్రతిమారూ వ్రాతలో రవ్వంత చెరుగుతుంది.

ఆ చెరుగుడు ఎంతటిదో చూడండి. పాత గ్రామఫోనులో సౌండు బాక్సు ముల్లుపై మోపే బరువు నూరు గ్రాములకు పైమాట. ప్లేటులో లక్కతోపాటు రాతిపొడి కలిపేవారు. ఆ పొడి ఉక్కు ముల్లును అరగదీసి తన గాడికి సరిపడేటట్లు చేసుకొంటుంది. అందువల్లనే ఒక్కొక్క వైపునకు ఒక్కొక్క కొత్త ముల్లు వాడాలని నియమం. కానీ ముళ్ళడబ్బీ డబ్బు పెట్టి కొనవలసిన వస్తువు. పొదుపరియైన గృహస్థు ఒక్క ముల్లుతో పది పాటలు వినేవాడు. మొనదేలి ఉలివలె మారిన ముల్లు గాడి గోడలను చెక్కివేసేది. ఫలితంగా ఎవరికీ నచ్చని ప్లేటు నేటికీ నిగనిగలాడుతూ మిగిలినది. ఊరంతా మెచ్చి, మళ్ళీ మళ్ళీ పెట్టించుకొన్న పద్యం గరగరమని మూగవోయినది. ప్రేమించినదానినే ప్రేమ హరించినదన్నమాట.

1948లో అమెరికాలో దీర్ఘవాదన ప్లేటు, అనగా ఎల్పీ, వెలువడినది. లక్కకు బదులు వినైలు. 78 చుట్లకు బదులు 33⅓. గాడి సన్ననైనది. లక్క ప్లేటుకు ముల్లు మొన గుండ్రన సుమారు 65 మొదలు 75 మైక్రాన్ల వ్యాసార్ధం కలది కావాలి. ఎల్పీకి 25 మైక్రాన్లు, స్టీరియో ప్లేటుకు అంతకన్నా తక్కువ. మైక్రాను మిల్లీమీటరులో వెయ్యోవంతు. లక్క ప్లేటుపై ఎల్పీ ముల్లును పెడితే అది గాడి అడుగున మట్టిలో దొర్లుతుంది. ఎల్పీపై లక్క ప్లేటు ముల్లును పెడితే గాడిలో దిగనే దిగక, అంచులను చీల్చివేస్తుంది.

ఆ ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే చిన్న పెట్టెను కార్ట్రిడ్జి అంటారు. మొదట చౌకగా దొరికిన స్ఫటిక కార్ట్రిడ్జిలలో రోషెల్ లవణాన్ని వాడేవారు. ఆ స్ఫటికాన్ని వంచితే విద్యుత్తు పుడుతుంది. కానీ ఎంతైనా అది లవణం. నీటికి కరుగుతుంది, తేమకు చెడుతుంది. వానకాలంలో గోడలకు చెమటపట్టే కోనసీమ వంటి చోట దాని ఆయుర్దాయం ఎంత? నిన్న పాడిన పెట్టె నేడు పాడకపోవడానికి యంత్రం మీది మాయ కాదు, గాలిలోని తడి కారణం. తరువాత వచ్చిన సెరామిక్ కార్ట్రిడ్జిలు తేమను ఓర్చుకొన్నవి. అంతకన్నా మేలైనవి అయస్కాంత కార్ట్రిడ్జిలు. ముల్లు చివర చిన్న అయస్కాంతం కదలుతూ స్థిరమైన తీగచుట్టలో విద్యుత్తును పుట్టించడం ఒక పద్ధతి. తీగచుట్టయే అయస్కాంతం ముందర కదలడం మరొక పద్ధతి. ఇవి ప్లేటుపై మోపే బరువు సాధారణంగా ఒకటి మొదలు మూడు గ్రాములు. నూరు గ్రాముల నుండి మూడు గ్రాములకు దిగడమంటే, ఈడ్చి అడగడం మాని మెల్లగా అడగడం వంటిది.

అభిమానులు 1960ల నాటి కార్ట్రిడ్జిల పేర్లు చెప్పుకొని పొంగిపోవడం ఇందుకే. 1964లో వెలువడిన అమెరికా ష్యూర్ సంస్థ వి15, జపాను ప్రసార సంస్థ అవసరాలకై ఆ దశాబ్దంలోనే రూపొందిన డెనాన్ డిఎల్-103 వారికి ఆరాధ్య వస్తువులు. ష్యూర్ సంస్థ 2018లో కార్ట్రిడ్జిల తయారీని మానుకొన్నది. నాటినుండి మిగిలిన పాత ముళ్ళకు గిరాకీ మరింత పెరిగినది.

ఇక స్పీకరు. కాగితపు శంకువును తీగచుట్టకు అతికించి అయస్కాంతం నడుమ ఊపే స్పీకరును 1925లో రైస్, కెల్లాగ్ అను ఇద్దరు అమెరికా ఇంజనీర్లు రూపొందించారు. నేటి స్పీకర్లు మూలంలో ఎక్కువగా ఆ జాతివే. పాత స్పీకర్లలో శంకువు తేలిక, అయస్కాంతం దిట్టం. కొద్దిపాటి శక్తితోనే బిగ్గరగా పలుకుతవి. మనుష్య కంఠం పలికే స్థాయిలో వాటి స్పష్టత ముచ్చట గొలుపుతుంది. శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రం గాని, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణ గాని, ఆయన శిష్యుడు, కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబు వీణ గాని అట్టి స్పీకరుకు మంచి పరీక్ష. మీటు తగిలిన క్షణం ఒక ఎత్తు, ఆ తరువాత గమకం సన్నగిల్లుతూ సాగడం మరొక ఎత్తు. మొదటిది ఏ స్పీకరైనా చూపుతుంది. రెండవదానిని నిలుపగలిగినదే మంచి స్పీకరు.

అట్లని పాతదంతా మేలని తలపరాదు. పాతదన్న ఒక్క కారణాన దేనినీ మెచ్చవద్దని మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలోనే కాళిదాసు హెచ్చరించాడు. అనేక పాత స్పీకర్లలో మంద్రస్థాయి చాలదు, తారస్థాయి అందదు. 1970ల తరువాత వచ్చిన కొన్నింటిలో శంకువు అంచుకు వాడిన నురుగు పదిహేను, ఇరవై ఏళ్ళకే పొడియై రాలుతుంది. అంతకుముందరి గుడ్డ అంచులు దానికన్నా మన్నినవి. పాత లక్క ప్లేటు పాత స్పీకరులో వినసొంపుగా ఉండడానికి కూడా మహిమ కాదు కారణం. ఆ ప్లేటులోని సంగీతం తారస్థాయిలో కొంతదూరమే పోతుంది. ఆ పైన ఉన్నది చాలావరకు గరగర. పాత స్పీకరు ఆ గరగరను పలుకలేదు. కొత్తది నిజాయతీతో దానినీ వినిపిస్తుంది. అశక్తత ఒక్కొక్కమారు మర్యాదగా కనిపించడమంటే ఇదే.

అభిమానుల విద్యలో అన్నిటికన్నా విలువైనది మరొకటున్నది. పాత ఉక్కు ముళ్ళు గాడి గోడలో ఒకే ఎత్తున రాచుకొంటూ పోయినవి. ఆ ఎత్తున గోడ అరిగినది. దానికి కొంచెం పైన, కొంచెం క్రింద గోడ చెక్కుచెదరక ఉండవచ్చును. కనుక నేర్పరి ఒకే ప్లేటుకు మొన వ్యాసార్ధం వేరువేరుగా ఉన్న నాలుగైదు ముళ్ళను మార్చి చూస్తాడు. ఒకటి గరగరమంటుంది. మరొకటి కొంత నయం. వేరొకటి పెట్టేటప్పటికి, చెవికి అందక పోయిందనుకొన్న గళం తేటగా పైకి వస్తుంది. ఇంతకాలం ఆ పద్యం పోలేదు. అడగవలసిన చోట ఎవరూ అడగలేదు.

డెల్టాలోని పాత ఇళ్ళ అటకలపై ఇట్టి ప్లేట్లు దొరకడం వింత కాదు. మద్రాసు మూర్ మార్కెట్టు వంటి పాతసామాను బజారులు ఒకప్పుడు వాటికి ఆశ్రయం. అది 1985లో అగ్నికి ఆహుతియైనది. ఇప్పుడు ఆ భారం ఇళ్ళమీదను, బడులమీదను పడినది. దొరికిన ప్లేటును ఆతురతతో ఏదో ఒక ముల్లుకు అప్పగించరాదు. స్పిరిటుతో తుడువరాదు, లక్క స్పిరిటులో కరుగుతుంది. పేరు చీటీ తడవకుండా, చల్లని నీటితో, మెత్తని గుడ్డతో మట్టిని తీసి, ఆరబెట్టి, నిలువుగా పేర్చి, ఎండకూ తేమకూ దూరంగా ఉంచాలి. తగిన ముల్లు దొరికిన రోజున ఒక్కమారు పలికించి, ఆ ధ్వనిని కంప్యూటరులో భద్రపరచుకోవాలి. ఆపైన ఎన్నిమార్లైనా ఆ నకలును వినవచ్చును, నకలు అరగదు.

దానికి ఒక చీటీ వ్రాయడం విద్యార్థుల పని కావచ్చును. నాటకమేది, పద్యం సీసమా ఉత్పలమాలా, రాగం మోహనా కల్యాణా, యతి దగ్గర నటుడు ఆగినాడా దాటినాడా, సమాసాన్ని ఎక్కడ విరిచినాడు అని వింటూ గుర్తించిన పిల్లవానికి ఛందస్సు గణాల పట్టికగా కాక గాలి పీల్చి వదలే పద్ధతిగా తెలుస్తుంది. అచ్చుపుస్తకంలో పద్యానికి నాలుగు పాదాలే కనిపిస్తవి. ఊపిరి కనిపించదు. అది గాడిలో మాత్రమే ఉన్నది.

శబ్దం నిత్యమా అనిత్యమా అన్న వాదాన్ని లక్క ప్లేటు తేల్చలేదు. ఇరువురికీ చెరిసగం గెలుపునిచ్చినది. జాగ్రత్త లేని చేతిలో అది నైయాయికుని పక్షం. సరియైన ముల్లు, మూడు గ్రాముల బరువు, ఓర్పుగల చెవి ఉన్నచోట మాత్రం మీమాంసకుడు మాట నెగ్గించుకొంటాడు.